ఆరో జెండా దాకా

జూన్ 3

వదినగారికి,

అందరం క్షేమం. మీరు వెళ్ళిన రోజు నుంచి వాన లేదు. నిన్న రెండు మోటార్లకు వైండింగ్ చుట్టి ఇచ్చాను. అన్నయ్య రెండు పూటలా తిన్నాడు. మతిమరుపు మాత్రలు నేనే దగ్గరుండి వేస్తున్నాను. బాగున్నాడు.

ఫోను తీగ పీకేశాను. కోపం తెచ్చుకోకండి. మొన్న మీరు మాట్లాడాక అన్నయ్య మీకోసం ఇల్లంతా వెతికాడు. వంటింట్లో చూశాడు, దొడ్లో చూశాడు, బీరువా తలుపు తీసి కూడా చూశాడు. "గొంతు వినపడింది, మనిషేదిరా?" అని నన్ను అడిగాడు. ఇకనుంచి ఉత్తరం రాయండి. ఉత్తరమైతే వెతకడు.

బడి నుంచి హెడ్మాస్టరు వచ్చి వెళ్ళాడు. అన్నయ్య దగ్గర చదువుకున్నవాడే. బడి పత్రికలో అన్నయ్య జీవితం గురించి ఒక పేజీ వేస్తారట. "సైన్యంలో చేశారు, పాఠాలు చెప్పారు, గోల్ఫ్ ఆడారు. నాకు తెలిసింది ఇంతే, మిగతాది మీరు రాసివ్వండి" అన్నాడు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సైన్యంలో చేశాడు, పాఠాలు చెప్పాడు, గోల్ఫ్ ఆడాడు అని రాశాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. మీకు తెలిసింది పంపండి.

అమ్మాయిని మంచం దిగొద్దని చెప్పండి.

మీ మరిది


జూన్ 9

మౌనస్వామికి,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది? కొట్లో చిట్టా చింపి కవర్లో పెట్టావా? రెండు మోటార్లు, రెండు పూటల తిండి, వాన లేదు! నీ నోట్లోంచి మాట రావాలంటే పటకారు పెట్టి లాగాలి. అన్నీ రాసి చివర "బాగున్నాడు" అన్నావు. ఆ ఒక్క మాటనే పదిసార్లు చదువుకున్నాను.

అమ్మాయిని కాలు కింద పెట్టనివ్వడం లేదు. నెలలు నిండేదాకా ఇలాగే పడుకోవాలన్నారు. అల్లుడి ఓడ ఎక్కడో సముద్రం మధ్యలో ఉంది. వార్డులో దాని మంచం పక్కన నాకో బల్ల ఇచ్చారు. బల్ల ఎంత ఇరుకంటే, పక్కకి తిరగాలంటే లేచి నిలబడి తిరిగి పడుకోవాలి. ఇక్కడ కూతురు మంచం దిగకూడదు. అక్కడ మొగుడు గేటు దాటితే తిరిగొచ్చే దారి తెలీదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నేను వచ్చేదాకా ఆయన్ని మనింట్లోనే ఉంచు, వేరే ఎక్కడా పెట్టకు. నిన్ను అడిగేది ఇదొక్కటే. తన మంచం, తన గుమ్మం కళ్ళెదుట ఉన్నంతకాలం ఆయనకి మనుషులు కొంచెమైనా మిగిలి ఉంటారు. చోటు మారిందా, ఆయన మనసులోంచి నేనూ పోతాను.

ఇక పేజీ సంగతి. బళ్ళో ఆయన్ని గీత మాస్టారు అనేవాళ్ళు. స్కేలు లేకుండా బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి గీస్తే దారం లాగినట్టుండేది. పిల్లల్ని ఆటస్థలంలోకి తీసుకెళ్తే ఒకరి వెనక ఒకరు, అందరూ ఆయన వెనక. ఎవడైనా పక్కకి పరిగెత్తాడా, అంత నెమ్మదైన మనిషీ కేక పెట్టేవారు. పిల్లాడి కన్నా ఆయనే ఎక్కువ వణికేవారు.

గోల్ఫ్ మైదానంలో ఆయన పేరు దానకర్ణుడు. పొడుగు గడ్డిలో పడ్డ బంతి కోసం ఒక్కసారీ వెళ్ళింది లేదు. రెండడుగుల అవతల తెల్లగా కనపడుతున్నా సరే, "పోనీ" అని ఇంకోటి తీసేవారు. బంతులేరుకునేవాళ్ళు ఆయన కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. అన్నేళ్ళు ఆడి ఒక్క కప్పు తేలేదు. అయినా తెల్లారితే చాలు, కర్రల సంచీ భుజాన వేసుకుని బయల్దేరేవారు.

సైన్యం సంగతి నన్నడక్కు. "వంతెనలు కట్టాం" అనేవారు, అంతే. నువ్వు ఆయన తమ్ముడివని నమ్మకం కుదిరేది అక్కడే.

ఇంకోటి రాస్తాను, ఇది పేజీలో వెయ్యకు. పెళ్ళైన దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్ళినా ఆయన నాలుగడుగులు ముందు, నేను వెనక. ఊళ్ళో అందరి మొగుళ్ళూ పక్కన నడిచేవాళ్ళు. పక్కకి చేరదామని నేను అడుగు పెంచితే ఆయనా పెంచేవారు. "పెళ్ళాంతో షికారుకొచ్చారా, దూడని వెంటేసుకొచ్చారా?" అని ఓసారి నడిరోడ్డు మీద అడిగేశాను. నవ్వి ఊరుకున్నారు. నామోషీ కాబోలు అనుకున్నాను. ఆ అలక ఇంకా పోలేదు. ఇప్పుడు కూర్చోబెట్టి నిలదీద్దామంటే, "మీరెవరి తాలూకు?" అంటారు.

రెండు ముక్కలు ఎక్కువ రాయి. సిరా అరిగిపోదు.

వదిన


జూన్ 16

వదినగారికి,

క్షేమం. ఒక వాన పడింది.

అన్నయ్య ఇప్పటికీ తెల్లారితే కర్రల సంచీ తీస్తాడు, తోడుగా రోజూ మైదానానికి నేనూ వెళ్ళాను. కొట్టు మధ్యాహ్నం నుంచి తీస్తున్నాను. మొన్న అక్కడ ఆరో గుంట జెండా దగ్గర కొంచెం ఇబ్బంది అయింది. క్లబ్బు సెక్రటరీ ఇకమీద రావద్దన్నాడు. నేను సర్దుకున్నాను. మోటార్లకు చుట్టే తెల్ల టేపు బాగా పనిచేస్తోంది. ఇంట్లో కూడా వేశాను. మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి గేటు దాకా. ఇప్పుడు గోల లేదు.

సైనికుల ఆశ్రమం నుంచి కార్డు వచ్చింది. నిరుడు మీరు పెట్టిన దరఖాస్తు. మైదానం అవతల పసుపు గోడల మేడ, అదే. మంచం ఒకటి ఖాళీ అయిందట. నెలాఖరులోగా జవాబివ్వాలి. లేకపోతే ఇంకొకరికి ఇస్తారు. ఏం రాయమంటారు?

పేజీకి నాకు ఒకటి గుర్తొచ్చింది. నాన్న నన్ను బడి మాన్పించాక, అన్నయ్య సెలవులో వచ్చినప్పుడల్లా నాకు లెక్కలు చెప్పేవాడు. "బడి లేకపోతే ఏం, నేనున్నాగా" అనేవాడు. ఈ రోజుకీ మోటారులో చుట్లు తప్పకుండా చుడుతున్నానంటే ఆ లెక్కలే. ఇది వేయొచ్చంటారా?

మీ మరిది


జూన్ 22

మరిదికి,

దర్జీ ఆవిడ కార్డు రాసింది. కుట్టిన బట్టలిద్దామని మనింటికి వెళ్ళిందట. "ఇంటినిండా తెల్లటి తాళ్ళు, మాస్టారు వాటి మధ్య బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నారు, నన్ను చూసి కేకలు పెట్టారు, దొడ్లో గేదెకైనా అంతకన్నా చోటుంటుందమ్మా" అని రాసింది.

"గోల లేదు" అని రాశావే! కట్టిపడేస్తే గోల ఎక్కడుంటుంది? బాగా పనిచేస్తోందట! ఆయన నీకు మోటారులా కనపడుతున్నాడా, టేపు చుట్టి పక్కన పెట్టడానికి? నీకు లెక్కలు చెప్పిన చెయ్యి అది. నోట్లో నాలుక లేని మనిషివి, మనసుందనుకున్నాను.

ఇక్కడి డాక్టరునడిగాను. అలాంటివాళ్ళకి అడ్డాలు పెడితే ఇంకా బెదిరిపోతారన్నాడు. ఈ ఉత్తరం అందిన క్షణం అవన్నీ పీకి పారెయ్యి. చేతకాకపోతే చేతకాదని చెప్పు. ఆ ఆశ్రమం వాళ్ళకే అప్పజెప్పు. వాళ్ళు కనీసం మనిషిని మనిషిలా చూస్తారు.

అమ్మాయికి పొద్దున్నుంచీ నొప్పులు. ఇంకా నెలలు నిండలేదు.

వదిన


జూన్ 26

వదినగారికి,

ఉత్తరం అందింది. టేపు తీసేశాను.

అన్నయ్య మంచం దిగడం లేదు.

ఆశ్రమానికి మీరు రాసినట్టే జవాబిచ్చాను. ముప్పయ్యో తారీఖు ఉదయం బండి పంపుతారట.

అమ్మాయికి ఎలా ఉంది?

మీ మరిది


జూన్ 28

మౌనస్వామికి,

ఆడపిల్ల. నా అరచేతిలో సరిపోతుంది. గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరి తీసుకుంటుంటే పొట్ట పిట్ట పొట్టలా ఎగురుతోంది. అమ్మాయికి ఇంకా మగత వదల్లేదు. ఎవరూ ఏ మాటా ఖాయంగా చెప్పడం లేదు. "చూద్దాం" అంటున్నారు.

పోయిన ఉత్తరంలో నోటికొచ్చింది రాశాను. నీ మీద కాకపోతే ఎవరి మీద చూపించను? ఆశ్రమం మాట నిజమనుకోకు, అది తిట్టు. ఇంకొకరికైతే ఈ మాట చెప్పక్కర్లేదు గానీ, నువ్వు తిట్టు కూడా తు.చ. తప్పకుండా పాటించే రకం. అందుకే భయమేసి రాస్తున్నాను. నా మాట మొదటి ఉత్తరంలో రాసిందే. నేను వచ్చేదాకా ఇంట్లోనే.

ఆ టేపేమిటో ఒక్కసారి విడమరిచి రాయి. ఆయన్ని కట్టేసేవాడివి కాదు నువ్వు. కోపం చల్లారాక తెలిసింది.

వదిన


జూలై 2

వదినగారికి,

మీ ఇరవై ఎనిమిదో తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. బండి అంతకు ముందురోజే వచ్చి వెళ్ళింది.

నాకు ఎక్కువ రాయడం రాదు. అయినా రాస్తాను.

ఆ రోజు ఆరో జెండా దగ్గర అన్నయ్య ఆడుతూ ఆడుతూ ఆగిపోయాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కర్ర తిరగేసి పట్టుకుని, గడ్డిలో ఏటవాలుగా మెల్లగా పొడవడం మొదలుపెట్టాడు. పొడిచిన చోట వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. వెనక ఆడుతున్న పెద్దమనుషులు నవ్వారు. "మాస్టారూ, వజ్రాలేమైనా తగిలాయా?" అన్నాడు ఒకాయన. అన్నయ్య తల తిప్పి, "ఎక్కడివాళ్ళక్కడ ఆగండి! అడుగు తియ్యొద్దు! ఇక్కడ ఇంకా చూడలేదు!" అని అరిచాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నలుగురూ ఎండలో ఉన్నచోటే ఉండిపోయారు.

నేను వెళ్ళబోతే, "నా అడుగులో అడుగు వెయ్యిరా. టేపేది?" అన్నాడు. కాయిల్ కట్టే తెల్ల నూలు టేపు చుట్ట నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఇచ్చాను. ఇటో వరస అటో వరస నేలమీద పరుచుకుంటూ, మధ్యలో తను నడుస్తూ, నన్ను వెనకే రమ్మన్నాడు. అప్పుడు చెప్పాడు.

మందుపాతరలు, వదినా. వంతెనలు కాదు. వంతెన దాకా దారి తీసే పని. ముందు ఒక్కడు వెళ్ళి నేలను పొడిచి చూడాలి. ఏమీ లేదనుకున్నంత మేర టేపు వెయ్యాలి. ఆ తర్వాతే వెనకవాళ్ళని పిలవాలి. "వాడు టేపు దాటాడురా. నీళ్ళ కోసం. రెండడుగులే" అన్నాడు. ఎవరన్నయ్యా అన్నాను. పేరు గుర్తు రావడం లేదని ఏడ్చాడు.

గడ్డిలో బంతి కోసం వెళ్ళేవాడు కాదని మీరు రాశారు. అది చదివాక నాకొకటి అనిపించింది. జెండా పాతిన చోటికి నడిచి వెళ్ళి, ఏమీ కాకుండా తిరిగి రావడం. అన్నయ్య ఇన్నేళ్ళు ఆడింది అదేనేమో.

ఆ రోజు ఇంటికొచ్చాక గుమ్మంలో నిలబడిపోయాడు. లోపల నేల చూసి కాలు పెట్టలేదు. టేపు పరిచాను. వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. తాళ్ళు లాగలేదు వదినా, నేలమీద పరిచాను. దర్జీ ఆవిడ దాన్ని దాటి రాబోయింది. ఆవిడకేమైనా అవుతుందని కేక పెట్టాడు. ఆవిడ బట్టలు గేటు మీద పడేసి వెళ్ళిపోయింది.

ఇదంతా ముందే రాయాల్సింది. మీకు కూడా చెప్పకుండా దాచుకున్నది నేను ఎలా చెప్పను అని ఆగాను. మీరు పీకమన్నారు, పీకాను. ఆ రోజు నుంచి కాలు కింద పెట్టలేదు. అన్నీ మంచం మీదే. నేనే కడిగాను. అది కష్టం కాదు. నేల వంక చూస్తూ కూర్చునేవాడు, అది చూడలేకపోయాను.

బండితో ఇద్దరు వచ్చారు. ఎత్తబోతే మంచం కోడు పట్టుకుని వదల్లేదు. వాళ్ళు వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీస్తున్నారు. నేను ఆగమన్నాను. టేపు తెచ్చి, మంచం నుంచి బండి మెట్టు దాకా వేశాను. అన్నయ్య చూశాడు. నా భుజం తట్టి, "తిన్నగా వేశావురా, వెనకే రా" అన్నాడు. ముందు తను, వెనక నేను. నేరుగా వెళ్ళి బండి ఎక్కాడు. నా టేపు నమ్మి ఎక్కాడు.

అక్కడా బండి నుంచి మంచం దాకా వేశాను. నడిచాడు. పడుకోబెట్టాక వార్డెను, "నలుగురూ తిరిగే చోటు, కాళ్ళకి తగులుతుంది, తీసెయ్యండి" అన్నాడు. చుట్టుకుంటూ వెనక్కి నడిచాను. అన్నయ్య లేచి కూర్చుని చూస్తూనే ఉన్నాడు. "ఒరేయ్, నువ్వెలా వెళ్తావురా? ఒరేయ్, ఆగు, నువ్వెలా వెళ్తావు?" అని నేను గుమ్మం దాటేదాకా అంటూనే ఉన్నాడు.

నిన్న మీ ఉత్తరం చదివి, తీసుకొచ్చేద్దామని పరిగెత్తాను. మంచానికి కమ్మీలు బిగించారు. కమ్మీ దించి, టేపు వేశాను. దాని వంక చూడలేదు. గోడవైపు తిరిగిపోయాడు. ఎత్తుకుందామంటే అరిచాడు. నన్ను చూసి, "మీరెవరి తాలూకు?" అన్నాడు.

ఇప్పుడు ఏం చెయ్యమంటారో రాయండి. ఒక్కటే కోరుకుంటున్నాను. తిట్టేది ఒక కాగితం మీద, చెప్పేది ఇంకో కాగితం మీద రాయండి.

మీ మరిది


జూలై 8

మరిదికి,

ఇది చెప్పే కాగితం. తిట్టే కాగితం నీకు రాయలేదు. రాస్తే నా పేరుకే రాసుకోవాలి.

నీ ఇరవయ్యారో తారీఖు ముక్క నాకు ఒకటో తారీఖున అందింది. తారీఖు దాటిందని తెలిసీ, బండి రాలేదేమోనన్న ఆశతో చెప్పులు కూడా వేసుకోకుండా పోస్టాఫీసుకి పోయి, పంపొద్దని టెలిగ్రాం ఇచ్చాను. అప్పటికే అంతా అయిపోయిందని నీ పెద్ద ఉత్తరం చూశాక తెలిసింది. దాన్ని వార్డు మెట్ల మీద కూర్చుని చదివాను. నర్సు వచ్చి, "పాపకేం కాలేదమ్మా, ఎందుకలా ఏడుస్తారు?" అంది. పాపకేం కాలేదు, నిజమే. నిన్న మొదటిసారి పాలు పీల్చింది. అమ్మాయి లేచి కూర్చుంది. "నువ్వెళ్ళమ్మా. నాకు ఇంతమంది నర్సులున్నారు. నాన్నకెవరున్నారు?" అంది. అల్లుడి అక్క రేపు వస్తుంది. పన్నెండో తారీఖు పొద్దున నేను దిగుతాను. స్టేషనుకి రాకు. నేను తిన్నగా ఆశ్రమానికే వస్తాను. నువ్వు టేపు తీసుకుని అక్కడుండు.

మా పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం, వాన వెలిశాక, చేలగట్టు మీద నడిచాం. ఆయన ముందు. ఆగి ఆగి నడుస్తున్నారు. నేను వెనక సణుక్కుంటూ వస్తున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆయన నేల చూస్తున్నారు. నేను ఆయన వీపు చూసి అలుగుతున్నాను. చెప్పొచ్చుగా ఒక్క మాట! అన్నదమ్ములిద్దరూ ఏ బళ్ళో చదివారో గానీ, అక్కడ నోరు మూసుకోవడం ఒక్కటే నేర్పినట్టున్నారు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నువ్వు టేపు చుట్టుకుంటూ వెళ్తుంటే ఆయన అడిగింది తన సంగతి కాదు. నువ్వెలా వెళ్తావని. దాన్ని పట్టుకునే నేను ఇదంతా రాస్తున్నాను. ఆయనకి దారి తన కోసం అక్కర్లేదు, ఎప్పుడూ అక్కర్లేదు. నువ్వు మొన్న ఆయన్ని తీసుకెళ్దామని వేశావు, అందుకే ఆయన చూడలేదు. ఈసారి ఆయన్ని రమ్మనకు. నేను ఆ గది మధ్యలో, టేపు లేనిచోట నిలబడతాను. "అన్నయ్యా, ఈవిడ దారి తప్పి వచ్చింది, దాటించాలి" అని చుట్ట ఆయన చేతికివ్వు. నువ్వు వెయ్యకు. ఆయన్నే వెయ్యనీ.

దిగుతారో లేదో నాకు తెలీదు. దిగకపోతే ఆ గదిలో నేనూ అలాగే నిలబడతాను. ఎంతసేపైనా సరే, అంతకన్నా నాకు వేరే ఉపాయం లేదు.

దిగితే వెనక గేటు తీయించు. వార్డెను కాళ్ళకి తగులుతుందంటే, ఆ కాసేపు కాళ్ళు ముడుచుకోమను. కాగితాల మీద సంతకాలు నేను పెడతాను. గేటు అవతల మైదానం. మన ఇంటికి అదే దగ్గర దారి. ఆరో జెండా దాకా వెళ్తే, అక్కణ్ణుంచి ఆ కాళ్ళకి ఇల్లు తెలుసు. సెక్రటరీ అడ్డం వస్తే నాకు నోరుంది. టేపు చాలకపోతే వెనకది చుట్టి ముందుకి అందించు. కానీ ఆయన చూస్తుండగా చుట్టకు.

హెడ్మాస్టరుకి పేజీ ఇచ్చెయ్యి. నువ్వు రాసిన మూడు ముక్కలూ ఉంచు. లెక్కలు చెప్పింది కూడా వెయ్యి. చివర ఒక్కటి కలుపు: ఎక్కడికి వెళ్ళినా ముందు ఆయనే నడిచేవారు. ఎందుకని అడిగితే చెప్పకు. ఆయన దాచుకున్నది దాచే ఉంచుదాం. ఆ మాట నీదే, నువ్వే సరి.

నన్ను గుర్తుపట్టకపోయినా నొచ్చుకోను. "ఈవిడెవరు?" అంటే, పెళ్ళాం అనీ ఇంకోటనీ చెప్పి ఆయన్ని కంగారు పెట్టకు. మన వెనక రావాల్సిన మనిషి అని చెప్పు. చాలు.

నేను పక్కకి రాను.

వదిన